సైలెన్సర్ ప్యాకింగ్ పోయిన బండి మీద నెల్లూరికి

ఒరేయ్ సుబ్బూ,

బాగుండావా? నీ ఉత్తరంలో సగం బండి గొడవే. స్ప్లెండర్ స్టార్ట్ చేస్తే తప్‌తప్‌మంటా ఉండాది, మెకానిక్ చూసి సైలెన్సర్ ప్యాకింగ్, అదే ఇంజను పై భాగమైన హెడ్డుకీ పొగ పైపుకీ మధ్య పొగ లీకవకుండా పెట్టే రింగు, పోయిందన్నాడు, ఆదివారం దాకా అతనికి తీరిక లేదు, అల్లూరు నుంచి నెల్లూరికి రోజూ పోయొచ్చేదెట్టా అన్నావు. పోవచ్చురా. ఇంజనేం పేలిపోదు. కాకపోతే లీకు ఎందుకొస్తా ఉందో ముందు తేల్చుకో.

తెల్లారి ఇంజను చల్లగా ఉన్నప్పుడు బయట వసారాలో పెట్టి స్టార్ట్ చెయ్. హెడ్డుకి బెండు పైపు (వంపు తిరిగిన పొగ పైపు) కలిసే చోట విను. వేడెక్కే కొద్దీ చప్పుడు తగ్గి, ఎక్కువ రేజు చేసినప్పుడు మళ్లీ లేచిందంటే ప్యాకింగే. వేడికి లోహం సాగి సందు కొంచెం మూసుకుంటుంది, అందుకే తగ్గుతుంది. టాపెట్ల (ఇంజను లోపల వాల్వుల్ని కదిపే భాగాల) చప్పుడైతే ఇంజను వేగంతో పాటు పోతుందే గానీ, ఎత్తెక్కేటప్పుడు గట్టిపడదు. ఇంకా అనుమానముంటే తడిగుడ్డ మడిచి సైలెన్సర్ చివర రెండు సెకన్లు అడ్డం పెట్టు. లోపల ఒత్తిడి పెరిగి లీకున్న చోట బుస్సుమంటుంది. ఫ్లాంజి (పైపు చివర హెడ్డుకి బిగించే అంచు) చుట్టూ నల్లటి మసి పట్టి ఉంటే ఇంక చూడాల్సింది లేదు. ఒక్కోసారి ప్యాకింగ్ బాగానే ఉంటుంది, పైపు వెల్డింగ్ దగ్గర తుప్పు తిని చిల్లు పడుంటుంది. అది కూడా చూడు.

ఇంజను ఆరాక పైపు పట్టుకుని ఊపు. ఊగితే నట్లు వదులైనట్టే. పది నంబరు స్పానరుతో రెండు పక్కలా కొద్దికొద్దిగా బిగిస్తే చాలాసార్లు అక్కడికక్కడే చప్పుడు పోతుంది. ఊగకుండా లీకవుతుంటే మాత్రం ఇంక బిగించబాక. నీ భయమంతా ప్యాకింగు మీద ఉంది గానీ, అసలు ప్రమాదం ఆ నట్లు ఎక్కే స్టడ్డుల (తల లేని బోల్టుల) దగ్గరే. ఆరు మిల్లీమీటర్ల ఇనుప స్టడ్డు అల్యూమినియం హెడ్డులో కూర్చుని ఉంటుంది. రోజూ వేడి. దానికి తోడు మీ వైపు సముద్రపు గాలి, రొయ్యల గుంటల ఉప్పు తేమ. తుప్పు పట్టి అది హెడ్డులోనే పట్టేసుకుంటుంది. బలం చూపిస్తే పుటుక్కుమంటుంది. వంద రూపాయలు కూడా చెయ్యని రింగు పని కాస్తా హెడ్డు విప్పి లేతు షాపుకి మోసుకుపోయే పనవుతుంది.

వాల్వు (ఇంజనులోంచి పొగని బయటికి వదిలే మూత) కాలిపోతుందని మీ మెకానిక్ బెదిరించాడన్నావు. నాలుగు రోజులకి అట్టాంటిదేం జరగదులే. బండి ఆపేటప్పుడు, రేజు వదిలినప్పుడు వచ్చే పట్‌పట్ ఎందుకంటే, పొగ ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య పైపులో ఒత్తిడి పడిపోయి, లీకు సందులోంచి బయటి గాలి లోపలికి పోతుంది, పైపులో మిగిలిన పెట్రోలు ఆవిరి అక్కడ అంటుకుంటుంది. నీది 2016 మోడలు, కార్బురేటర్ (గాలీ పెట్రోలూ కలిపే పాత పద్ధతి) బండి గనక మైలేజీ మీద పెద్ద దెబ్బ ఉండదు. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 (కొత్త పొగ నిబంధనల) బండైతే వేరే కథ. పైపులో ఆక్సిజన్ సెన్సరుంటుంది, లీకు గాలిని చూసి పెట్రోలు చాల్లేదనుకుంటుంది, కంప్యూటరు ఎక్కువ పోస్తుంది, మీటరులో ఇంజను లైటు వెలుగుతుంది. మీ తమ్ముడి బండికి ఇట్టా అయితే ఆదివారం దాకా ఆగొద్దని చెప్పు.

నెలల తరబడి అట్నే తిప్పితే మాత్రం వేడి పొగ ఫ్లాంజి ముఖాన్ని తినేసి గాడి కోస్తుంది. అప్పుడు కొత్త రింగు వేసినా నిలవదు.

ఈ నాలుగు రోజులూ నలభై, యాభైకి మించి పోబాక. కోవూరు దాటి పెన్నా బ్రిడ్జి మీద లారీల వెనక ఇరుక్కుంటే ఇంజను ఆపెయ్. నడిచేటప్పుడు పొగ గాలికి పోతుంది, నిలబడితే కుడికాలి మీదికే వస్తుంది. పిల్లని ట్యాంకు మీద కూర్చోబెట్టుకోవద్దు. ప్లగ్గు వైరు, హారను వైరు లీకుకి ఎదురుగా ఉంటే పక్కకి లాగి కట్టు. షెడ్డు తలుపులేసి స్టార్ట్ చెయ్యబాక, కార్బన్ మోనాక్సైడుకి వాసనుండదు. ఒక స్టడ్డు విరిగి పైపు ఒంటి నట్టు మీద వేలాడుతుంటే బస్సెక్కు, బండి ఇంట్లో ఉండనీ.

ఎం-సీల్ పూసేదా అని అడిగావు. వద్దు. అక్కడ పొగ వేడి అయిదు వందల డిగ్రీలు దాటుతుంది, ఎం-సీల్ మాడి రాలిపోతుంది. ఎర్ర సిలికాను కూడా అంతే. పాత రింగు రాగిదైతే ఒక ఉపాయముంది: స్టవ్వు మీద ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచు, మెత్తబడి మళ్లీ ఒత్తుకుంటుంది. లోపల పీచులాంటి సరుకున్న రింగుకి ఇది పనికిరాదు.

నువ్వే మార్చుకుంటానంటే ముందురోజు రాత్రే స్టడ్డు మొదట్లో డబ్ల్యూడీ-40 (తుప్పు వదిలించే స్ప్రే) కొట్టు. ఇంజను పూర్తిగా చల్లబడాలి. మొదట సైలెన్సర్‌ని బండికి పట్టి ఉంచే వెనక బ్రాకెట్టు బోల్టు వదులు చెయ్, ఆ తర్వాత హెడ్డు నట్లు. నట్టు కదలకపోతే లాగబాక, చిటికెడు బిగించి చిటికెడు వదులు, ముందుకీ వెనక్కీ. నట్టుతో పాటు స్టడ్డే ఊడి వస్తే కంగారు పడొద్దు, విరగనంత వరకు మంచిదే.

పాత రింగు హెడ్డు రంధ్రంలోనే అతుక్కుని, హెడ్డులో భాగమేమో అన్నట్టు కనిపిస్తుంది. చాలామంది దాని మీదే కొత్తది వేసి, మళ్లీ లీకంటా తిరుగుతారు. సన్న మొన ఉన్నదాంతో పొడిచి తియ్, అల్యూమినియం గీసుకుపోకుండా. మసి తుడిచి, కొత్త రింగుకి చిటికెడు గ్రీజు రాసి అతికించు, పైపు ఎక్కించేటప్పుడు జారిపోకుండా ఉంటుంది. స్టార్ట్ చేశాక ఆ గ్రీజు కాలి కాసేపు పొగొస్తుంది, భయపడబాక.

నట్లు రెండూ చేత్తో తిప్పి, ఆ తర్వాత అర తిప్పు ఈ పక్క, అర తిప్పు ఆ పక్క. ఫ్లాంజికి హెడ్డుకి మధ్య సందు రెండు వైపులా సమానంగా రావాలి. టార్క్ రెంచి (బిగింపు ఎంతో కొలిచే స్పానరు) ఉంటే పది న్యూటన్ మీటర్లు, లేకపోతే స్పానరు మధ్యలో పట్టుకుని మణికట్టు బలంతో చాలు. వెనక బోల్టు ఆఖర్న. దాన్ని ముందే బిగిస్తే పైపు వంకరగా లాగి రింగు సరిగ్గా కూర్చోదు. ఆ బ్రాకెట్టు కూడా పట్టి చూడు: అది పగిలో వదులయ్యో ఉంటే బరువంతా హెడ్డు మీద పడి గుంటల రోడ్డులో అదురుతుంది. నీ ప్యాకింగ్ పోయింది అందుకేనేమో అని నా అనుమానం. ఒకసారి వేడెక్కి ఆరాక నట్లు మళ్లీ చూసుకో, వంద కిలోమీటర్లకి ఇంకోసారి.

కావలిలో రింగు దొరక్కపోతే రాయి, ఇక్కడ కొని మనూరి వాళ్లెవరన్నా వస్తుంటే ఇచ్చి పంపుతా. పాతది తియ్యగానే కాగితం మీద పెట్టి లోపలా బయటా గీసి పంపు, మోడలు చెబితే సరిపోద్దనుకోబాక.

నీ
శీనా