పరుగు ఒక్కటే నేర్పితే వింగర్ నిలవడు

సంపాదకులు గారికి,

వేసవి శిక్షణ శిబిరాలు మొదలయ్యేలోపు మీ పాఠకుల్లోని పీఈటీలు, కోచ్‌లు, పిల్లల తల్లిదండ్రులు ఒక విషయం ఆలోచించాలని ఈ ఉత్తరం. అనంతపురం జిల్లాలో చాలా బడి ఫుట్‌బాల్ మైదానాల్లో ఒకటే పద్ధతి. జట్టులో అందరికన్నా జోరుగా ఉరికే పిల్లవాణ్ని వింగర్ అని, మైదానం పక్క గీత అయిన టచ్‌లైన్ పక్కన నిలబెడతారు. బంతిని ముందుకు తన్ని ‘ఉరుకు’ అంటారు. పద్నాలుగేళ్ల వయసులో ఇది బాగానే పని చేస్తుంది, చూసేవాళ్లు ఈలలు వేస్తారు. పదిహేడు వచ్చేసరికి ఎదుటి ఫుల్‌బ్యాక్, అంటే ఆ పక్కను కాసే డిఫెండర్, కూడా అంతే జోరుగా ఉరుకుతాడు, పైగా నాలుగు గజాలు వెనక్కి జరిగి నిలబడతాడు. బంతిని ముందుకు తన్నడానికి ఇక చోటే ఉండదు. అప్పుడు మనవాడి చేతిలో ఇంకో విద్య లేకపోతే, తొడ వెనుక కండరం ఒకసారి పట్టేస్తే, ఆట అంతటితో ఆగిపోతుంది.

స్పెయిన్ వింగర్ హెసూస్ నవాస్ 2024 డిసెంబరులో ఆట నుంచి తప్పుకున్నాడు. 1969లో అనంతపురం వచ్చిన స్పెయిన్ దేశస్థుడు విసెంటె ఫెర్రర్ వల్ల, ఆయన సేవా సంస్థ ఆర్‌డీటీ మైదానాల వల్ల మన జిల్లా పిల్లలకు స్పెయిన్ ఫుట్‌బాల్ పరాయిది కాదు. అయినా ఇక్కడి పిల్లల గోడల మీద మెస్సీ, రొనాల్డో బొమ్మలే తప్ప నవాస్ బొమ్మ కనిపించదు. వింగర్ కావాలనుకునే పిల్లవాడికి ఆ ఇద్దరికంటే నవాస్ జీవితమే ఎక్కువ నేర్పుతుందని నా గట్టి నమ్మకం. ఆ ఇద్దరి ప్రతిభ కోటికి ఒకరికి వస్తుంది. నవాస్ చేసింది మాత్రం సాధనతో చాలావరకు అందుకోదగ్గది.

సెవియ్యా నగరం పక్కన చిన్న ఊళ్లో 1985లో పుట్టాడు. బక్కపలచని మనిషి. 2003లో సెవియ్యా క్లబ్ తరఫున తొలి లీగ్ మ్యాచ్ ఆడాడు. 2006, 2007లో యూఎఫా కప్, 2010లో ప్రపంచ కప్, 2012లో యూరప్ దేశాల కప్ అయిన యూరో గెలిచాడు. నాలుగేళ్లు మాంచెస్టర్ సిటీలో ఆడి సొంత క్లబ్‌కే తిరిగొచ్చాడు. 2020, 2023లో కెప్టెన్‌గా యూరోపా లీగ్ (యూఎఫా కప్‌కు కొత్త పేరు) ఎత్తాడు. సెవియ్యాకు ఏడు వందలకు పైగా మ్యాచ్‌లు ఆడాడు. ఆ క్లబ్ శిక్షణ కేంద్రంలోని స్టేడియానికి, అతను ఇంకా ఆడుతుండగానే, అతని పేరు పెట్టారు. అభిమానులు వింగర్‌ను ఇష్టపడటం మామూలే కానీ ఇరవయ్యేళ్ల పాటు ఇష్టపడటం అరుదు.

అంతకాలం ఎలా నిలిచాడంటే, మొదటి కారణం క్రాస్, అంటే పక్క నుంచి గోల్ ముందుకు కొట్టే బంతి. క్రాస్ కొట్టడానికి డిఫెండర్‌ను పూర్తిగా దాటేదాకా నవాస్ కాచుకునేవాడు కాదు. బంతిని కొద్దిగా బయటికి తోసి, అర గజం సందు దొరికితే చాలు, ఆ పరుగులోనే కొట్టేవాడు. మన పిల్లలు ఇక్కడే తప్పుతారు. ఒకణ్ని దాటాక ఆగి, బంతిని సర్దుకుని, తల పైకెత్తి చూస్తారు. ఆ రెండు సెకన్లలో గోల్ ముందున్న బాక్స్‌లోని డిఫెండర్లందరూ తమ చోట్లలో కుదురుకుంటారు. బాక్స్‌లోకి చూడాల్సింది క్రాస్ కొట్టేటప్పుడు కాదు, దానికి ముందు బంతిని కాలితో తోసేటప్పుడు. చివరి రెండు అడుగులు చిన్నవి కావాలి. నేల మీదున్న పాదం బంతి పక్కనే పడాలి, నడుము గోల్ వైపు తిరగాలి. ఆ పాదం బంతికి వెనకపడితే బంతి గాల్లోకి లేచి గోల్ వెనక్కి పోతుంది. బంతిని దాటి ముందుకు పడితే క్రాస్ దగ్గరి డిఫెండర్ కాళ్లకే తగులుతుంది. పిల్లవాడి క్రాస్ ఎందుకు పాడైందో కోచ్ చెప్పాలంటే ముందు ఆ పాదాన్నే చూడాలి.

నిలబడి కొట్టే క్రాస్‌లను సాధనలో లెక్కలోకి తీసుకోకండి. 25 మీటర్లు బంతితో ఉరికి కొట్టినవే లెక్క. రోజుకు 20 చాలు, వాటిలో మూడో వంతు బలం లేని కాలితో. గోల్‌లైన్ దాకా వెళ్లగలిగితే గాల్లోకి లేపకుండా నేలబారుగా వెనక్కి, పెనాల్టీ స్పాట్ వైపు ఇవ్వడం అలవాటు చేయాలి. ఆ క్షణంలో డిఫెండర్లు తమ గోల్ వైపే ఉరుకుతుంటారు కాబట్టి వెనుక నుంచి వచ్చేవాడు వాళ్లకు కనపడడు. బంతికి వెనకే ఉన్నాడు కాబట్టి అతనికి ఆఫ్‌సైడ్ భయమూ లేదు. ఇంత లాభమున్న పాస్‌ను మన బడి జట్లు దాదాపు వాడనే వాడవు, అది చూస్తే బాధేస్తుంది.

ఇక వేగం. మన దగ్గర వేగం పేరుతో మైదానం చుట్టూ పది రౌండ్లు తిప్పుతారు. దానివల్ల దమ్ము పెరుగుతుంది, వేగం పెరగదు. వింగర్‌కు కావాల్సింది మొదటి 10 మీటర్లు. స్టాప్‌వాచ్‌తో 10 మీటర్ల సమయం, 30 మీటర్ల సమయం విడివిడిగా రాసుకోవాలి. 30 మీటర్లు బాగా ఉరికినా తొలి 10లో వెనకబడే పిల్లవాడికి నిలబడిన చోటు నుంచి ఎత్తుకునే పరుగులు ఎక్కువ పెట్టాలి. వారానికి రెండు రోజులు, ఒక్కో రోజు ఆరు నుంచి ఎనిమిది పరుగులు, మధ్యలో కనీసం 48 గంటల విరామం. ప్రతి 10 మీటర్ల పరుగుకు సుమారు ఒక నిమిషం విశ్రాంతి, అంటే 30 మీటర్లకు మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలూ పిల్లలు ఖాళీగా నిలబడ్డారని హెడ్మాస్టర్‌కు అనిపించవచ్చు, కానీ విశ్రాంతి తగ్గిస్తే అది మళ్లీ దమ్ము సాధనే అవుతుంది.

వేగంగా ఉరికేవాడికే తొడ వెనుక కండరం చిరుగుతుంది. పూర్తి జోరులో కాలు ముందుకు విసిరి, పాదం నేలకు తాకబోయే క్షణంలో ఆ కండరం సాగుతూనే బ్రేక్ వేయాలి. దానికి బలం చాలకపోతే అక్కడే చిరుగుతుంది. ఒకసారి చిరిగినవాడికి మళ్లీ చిరిగే ప్రమాదం ఎక్కువ. మాంచెస్టర్ యునైటెడ్‌కు 963 మ్యాచ్‌లు ఆడిన ర్యాన్ గిగ్స్‌ను కూడా ఈ కండరమే ఏళ్ల తరబడి వేధించింది. యోగా పట్టుకుని, వింగ్ వదిలి మధ్యలోకి మారి, నలభై ఏళ్ల దాకా ఆడాడు.

దీనికి మందు చవకైనది, నార్డిక్ వ్యాయామం. చాప మీద మోకాళ్లపై నిటారుగా నిలబడాలి, జతగాడు చీలమండలు గట్టిగా పట్టుకోవాలి. నడుము వంచకుండా ఒళ్లంతా ఒకే గీతలో ఉంచి, వీలైనంత నెమ్మదిగా ముందుకు వాలాలి, చివర్లో చేతులు ఆనించాలి. మొదటి వారం ఒక్క రోజు, ఐదేసి చొప్పున రెండు సార్లు. రెండో వారం రెండు రోజులు, ఆరేసి. అలా పెంచుతూ ఐదో వారానికి వారంలో మూడు రోజులు, 12, 10, 8 చొప్పున మూడు సార్లకు చేరాలి. చాలామంది మొదటి రోజే ముప్పై చేయిస్తారు. మర్నాడు పిల్లలు మెట్లు కూడా ఎక్కలేరు, ఇక దాని జోలికే పోరు. ఆట సీజన్ మొదలవక ముందే పెట్టుకోవడం మేలు.

చిరిగిన రోజే నూనె వేసి మర్దన చేయడం, వేడి కాపడం పెట్టడం మన ఊళ్లలో ఇంకా ఉంది. లోపల రక్తం కారుతున్న కండరాన్ని పిసికితే గాయం పెద్దదవుతుంది. మొదటి రెండు రోజులు గుడ్డలో చుట్టిన ఐస్, సాగే బ్యాండేజీ, విశ్రాంతి చాలు. చోటు కమిలినా, అడుగు వేయలేకపోయినా ఆలస్యం చేయకుండా ఎముకల డాక్టర్‌కు చూపించాలి. చిన్న చిరుగు ఒకటి నుంచి మూడు వారాల్లో మానుతుంది, పెద్దదైతే రెండు నెలలు కూడా పట్టొచ్చు. నడిస్తే నొప్పి లేదని మైదానంలోకి దింపకూడదు. పూర్తి జోరులో, వరుసగా రెండు మూడు రోజుల సాధనలో, భయం లేకుండా ఉరికాకే దింపాలి. జోనల్ మ్యాచ్ ఉందని తొందరపెట్టి ఒక పిల్లవాడి ఏడాదిని పాడుచేయడం అన్యాయం.

మన నేల సంగతి కూడా ఉంది. ఏప్రిల్, మే నెలల్లో గట్టిపడిన ఎర్రమట్టి మీద బూట్ల అడుగున ఉండే పొడవు స్టడ్‌లు దిగవు, పాదం మెలిపడుతుంది. చిన్న రబ్బరు గుబ్బలున్న టర్ఫ్ బూట్లు నయం. జోరు పరుగులన్నీ ఉదయం ఎనిమిదిలోపే ముగించాలి.

నవాస్ దగ్గర నేర్చుకోవాల్సింది ఇంకోటి ఉంది, పల్లెల నుంచి హాస్టళ్లకు పిల్లలను పంపేవాళ్లు ముఖ్యంగా. కుర్రతనంలో అతనికి ఇల్లు వదిలి ఎక్కువ రోజులు ఉంటే గుండెదడ, ఆందోళన వచ్చేవి. ఆ కారణంగా జాతీయ జట్టుకు చాలాకాలం దూరంగా ఉన్నాడు. చికిత్స తీసుకుని, నెమ్మదిగా అలవాటు పడి, 2009 నవంబరులో స్పెయిన్‌కు తొలి మ్యాచ్ ఆడాడు. ఎనిమిది నెలల తర్వాత ప్రపంచ కప్ ఫైనల్లో 60వ నిమిషంలో దిగాడు. 116వ నిమిషంలో ఇనియెస్టా కొట్టిన గోల్, సొంత సగంలో నవాస్ అందుకుని కుడి పక్కగా ఉరికిన బంతితోనే మొదలైంది. ఇంటి మీద బెంగపడే పిల్లవాణ్ని పిరికివాడని తిట్టి వెనక్కి పంపేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి. మొదటి నెలల్లో వారానికోసారి ఇంటికి పోనిస్తే ఎవరి సొమ్మూ పోదు.

ముప్పై దాటాక వేగం తగ్గుతుంది. మాంచెస్టర్ సిటీలో కోచ్ గ్వార్డియోలా నవాస్‌ను రైట్ బ్యాక్‌గా, అంటే కుడి పక్క ఫుల్‌బ్యాక్‌గా ఆడించాడు, సెవియ్యాలో అదే అతని చోటైంది. 2024 యూరో సెమీఫైనల్లో, 38 ఏళ్ల వయసులో, ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపెకు ఎదురు నిలిచాడు. స్పెయిన్ ఆటగాడు ఒల్మో గోల్‌కు దారితీసిన క్రాస్ కూడా అతనిదే. అందుకే పదిహేనేళ్ల వింగర్‌ను ఏడాదికి రెండు నెలలైనా ఫుల్‌బ్యాక్‌గా ఆడించాలని నా సూచన. తొందరపడి కాలు పెట్టకుండా పక్కకు తిరిగి వెనక్కి అడుగులేస్తూ, ఎదుటివాణ్ని టచ్‌లైన్ వైపు నెట్టడం వస్తే, డిఫెండర్‌కు ఏది కష్టమో వింగర్‌కు తెలుస్తుంది.

మన దేశంలోనే ఉదాహరణ కావాలంటే మిజోరంలోని లుంగ్లై కుర్రాడు లాలియన్‌జువాలా ఛాంగ్టే ఉన్నాడు. 2015లో పద్దెనిమిదేళ్లకే దేశానికి ఆడి నేపాల్‌పై రెండు గోల్స్ కొట్టాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు వేగం ఉంది, గోల్ లేదు అనిపించుకున్నాడు. ముంబై సిటీ క్లబ్‌కు వెళ్లాక 2022-23 ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో 10 గోల్స్ చేసి, ఉత్తమ ఆటగాడికిచ్చే గోల్డెన్ బాల్ గెలిచాడు. ఎడమ కాలి ఆటగాడు కుడి పక్కన ఆడుతూ లోపలికి రావడం ఒక కారణం. బంతి అవతలి పక్కన ఉన్నప్పుడు తాను బాక్స్‌లోకి చేరడం ఇంకో కారణం. 2023 జులైలో మనకు దగ్గర్లోని బెంగళూరు కంఠీరవలో, దక్షిణాసియా దేశాల టోర్నీ శాఫ్ ఫైనల్లో కువైట్‌పై కొట్టిన గోల్ అలాంటిదే. ఎడమ పక్క నుంచి సహచరుడు సహల్ ఇచ్చిన బంతికి గోల్ ముందు సిద్ధంగా ఉన్నాడు. మన వింగర్లు అలాంటప్పుడు టచ్‌లైన్ దగ్గరే నిలబడి చూస్తుంటారు.

మీ పత్రికకు ఒక విన్నపం. బడి, కాలేజీ మ్యాచ్‌ల వార్తల్లో గోల్ కొట్టిన పిల్లల పేర్లు వేస్తున్నారు. ఆ గోల్‌కు బంతి అందించిన వారి పేరు కూడా పక్కనే వేయండి. ఫలితాలు పంపే పీఈటీలు స్కోరు షీట్‌లో దానికి ఒక గడి పెట్టుకుంటే సరిపోతుంది.

ఇట్లు
ఒక ఫుట్‌బాల్ శిక్షకుడు,
అనంతపురం