మూడు జీపులు ఆలస్యమవుతున్నాయి, తప్పు మా రంగు పనిలోనే

మా షెడ్డులో బండ్లు ఇచ్చి ఎదురుచూస్తున్న అందరికీ నమస్కారం. ఈ నెలాఖరుకి ఇస్తామన్న మూడు పాత మిలిటరీ జీపుల్లో ఒక్కటీ ఇవ్వలేకపోతున్నాం. దసరా దాటాకే ఇవ్వగలం. ఫోన్లో ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క చెప్పేకన్నా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదటి బండి ఫోర్డ్ జీపీడబ్ల్యూ. రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్ కంపెనీ జీపు నమూనానే ఫోర్డ్ కూడా తయారుచేసింది. 1941 నుంచి 1945 దాకా రెండు కంపెనీలూ కలిపి ఆరు లక్షలకు పైగా చేశాయి. ఈ బండి డ్యాష్‌బోర్డు మీది ప్లేటు విప్పి, ఆ పక్కనే రూపాయి బిళ్ళంత మేర వాటర్ పేపర్‌తో రుద్దాం. తెలుపు, నీలం, మళ్ళీ తెలుపు, రెడ్ ఆక్సైడ్, ఒకదాని లోపల ఒకటి వలయాల్లా బయటపడ్డాయి. అట్టడుగున ఆలివ్ డ్రాబ్, అంటే మిలిటరీ బండ్ల మట్టి ఆకుపచ్చ. ప్లేటు కింద కూడా ఎండ తగలకుండా అదే మిగిలింది. ఆ రంగుకి ఆకుపచ్చ పొడి అక్కర్లేదు. పసుపు ఆక్సైడ్‌లో నలుపు కలుపుతూ పోతే ఆ ఆకుపచ్చ దానంతటదే వస్తుంది. ఎన్నిసార్లు కలిపినా నాకు ఆశ్చర్యమే.

చాలామంది ఆ రంగే కావాలంటారు. మేం వేయం. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వది, రక్షణ శాఖవి కాని బండ్లకు ఆలివ్ గ్రీన్ వేయకూడదని చెబుతుంది. కాస్త బ్రౌన్ కలిపి వేసేయండి, ఎవరికీ తెలియదు అన్నవాళ్ళున్నారు. రోడ్డు మీద బండి ఆపితే ఇబ్బంది పడేది మీరు, వేసింది మేము. అది నాకు ఇష్టం లేదు. అందుకే ఓనర్లతో మాట్లాడి మూడింటికీ మ్యాట్, అంటే మెరుపు లేని, ఇసుక రంగు ఖాయం చేశాం. ఉత్తర ఆఫ్రికా ఎడారిలో తిరిగిన బ్రిటిష్ జీపుల రంగు అది. రంగు మార్పు ఆర్సీలో రాయించుకోవడం మాత్రం మర్చిపోకండి.

ఇక తప్పు సంగతి. మొదటి బండికి తెలుపులో పసుపు ఆక్సైడ్, కొద్దిగా రెడ్ ఆక్సైడ్, కొన్ని చుక్కల నలుపు తూకం వేసి కలిపాం. బాడీ అయ్యేసరికి డబ్బా ఖాళీ. బానెట్‌కీ విండ్‌షీల్డ్ ఫ్రేముకీ అదే తూకంతో ఇంకో డబ్బా కలిపాం. కానీ రంగులో మెరుపు చంపే మ్యాట్ పొడి అడుక్కి దిగిపోతుంది. దాన్ని అడుగునుంచి కలియబెట్టకుండా పైపైన వంచేశాం. తడి మీద రెండూ ఒకటిగానే కనిపించాయి. తెల్లారి ఎండలోకి తోసి చూస్తే బానెట్ కాస్త ముదురుగా, నూనె చెయ్యి తగిలినట్టు మెరుస్తోంది. నా గుండె జారిపోయింది. మెరిసే పెయింట్ అయితే పాలిష్ చేసే కాంపౌండ్‌తో రుద్ది కొంత సరిచేయొచ్చు. మ్యాట్‌కి ఆ దారి లేదు, రుద్దినచోటే ఇంకా మెరుస్తుంది. మొత్తం గీకాల్సిందే.

రెండో బండిని ముసురులో స్ప్రే చేశాం, మాట ఇచ్చిన తేదీ టెన్షన్‌తో. థిన్నర్ ఆవిరవుతూ రేకును చల్లబరుస్తుంది. గాలిలో తేమ వచ్చి తడి రంగు మీద చేరింది. తలుపు వెనక భాగమంతా మీగడ కట్టినట్టు తెల్లబారింది. ఆ రోజు స్ప్రే గన్ పట్టుకోకుండా ఉండాల్సింది. మూడోది ప్రైమర్ దగ్గరే ఆపేశాం.

ఇకనుంచి ఒక బండికి కావలసిన రంగంతా ఒకే బకెట్లో, కావలసినదానికన్నా ఎక్కువే కలుపుతాం. మిగిలింది, రంగును గట్టిపరిచే హార్డనర్ కలపకుండా డబ్బాలో పోసి ఓనరుకే ఇస్తాం, రేపు గీత పడితే పనికొస్తుంది. చిక్కదనం అందాజాగా చూడం. చిక్కదనం కొలిచే ఫోర్డ్ కప్పు నంబర్ 4 నిండా రంగు పోసి, అడుగు రంధ్రం నుంచి ధార తెగేదాకా సెకన్లు లెక్కపెడతాం. మా గన్‌కి 20 దగ్గర బాగుంటోంది. గన్ రేకుకి జానెడు దూరంలో ఉండాలి, మణికట్టు తిప్పకుండా చెయ్యి మొత్తం కదలాలి, ప్రతి వరుసా ముందు వరుస సగాన్ని కప్పాలి. చెయ్యి విల్లులా తిరిగితే అంచుల్లో రంగు పొడిపొడిగా పడి గరుకు తేలుతుంది. మ్యాట్‌లో అది దాగదు.

ఒక మనవి. స్ప్రే జరుగుతుంటే వీడియో తీసుకోవడానికి లోపలికి రాకండి. హార్డనర్‌లోని ఐసోసయనేట్ ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. మా వాళ్ళు బయటి గాలి అందే మాస్కుతోనే నిలబడతారు, మామూలు గుడ్డ మాస్కు చాలదు.

మళ్ళీ రంగు వేసే ఖర్చు పూర్తిగా మాదే. అడ్వాన్సు వెనక్కి కావాలన్నవాళ్ళకి అడిగిన రోజే ఇచ్చేస్తాం. కొత్తగా కలిపిన రంగు మూడు రేకు ముక్కల మీద వేసి ఆరబెట్టాం. ఆదివారం ఉదయం పది గంటలకి వాటిని షెడ్డు బయట ఎండలో పెడతాను. ఓనర్లు ముగ్గురూ వచ్చి చూసి సరే అంటేనే గన్‌లో రంగు పోస్తాం.