స్లైడ్ల సంగతి సరే, ఫోన్ ఎందుకు ఎత్తవు?

చిట్టీ,

ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాలికి కొత్త నూనె రాస్తోంది. నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కదా, ఉత్తరమే నయమనుకున్నాను. మరేం లేదు, ఊరికే. నువ్వు పీహెచ్‌డీ మానేస్తున్నావని శారద పిన్ని ఏదో అంది. నేను నమ్మలేదులే.

నీ సెమినార్ స్లైడ్లు బుజ్జిగాడు చూపించాడు. రెండో స్లైడ్‌లో దీపం పురుగు ఫొటో పెట్టి, యంత్రాల్లో, ప్రోగ్రాముల్లో లోపానికి వాడే 'బగ్' అనే మాట 1947లో హార్వర్డ్‌లో పుట్టిందని రాశావు. అది తీసెయ్. ఎడిసన్ 1878లోనే ఒక ఉత్తరంలో ఆ మాట వాడాడు. హార్వర్డ్ వాళ్లు తమ కంప్యూటర్‌లో ఇరుక్కున్న ఆ పురుగును లాగ్‌బుక్‌లో అంటించి 'నిజంగా దొరికిన మొదటి బగ్' అని రాసుకున్నారంటే, మాట అప్పటికే వాడుకలో ఉందనేగా? ఎవరో ప్రొఫెసర్ లేచి అడిగితే నీళ్లు నములుతావు.

ఎర్రర్, ఫాల్ట్, ఫెయిల్యూర్‌లకు నిర్వచనాలు ఇచ్చావు గానీ ఉదాహరణ ఏదీ? లంబసింగి ఘాట్ బస్సు సంగతి చెప్పే ఉంటాను, మళ్లీ విను. మెకానిక్ ఫ్యాన్ బెల్టు మార్చి, సరిగ్గా బిగించడం మరిచాడు. మనిషి చేసిన ఆ పొరపాటు ఎర్రర్. బండిలో మిగిలిన వదులు బెల్టు ఫాల్ట్. నర్సీపట్నం చుట్టూ ఎన్ని ట్రిప్పులు తిరిగినా ఏమీ కాలేదు. ఒకరోజు నిండా జనంతో ఘాట్ ఎక్కుతుంటే రేడియేటర్ కుతకుతా ఉడికి, మలుపులో బండి ఆగిపోయింది. ఫెయిల్యూర్ అంటే అదీ. పాపం డ్రైవర్ అప్పారావు మామ వాగులోంచి డబ్బాతో నీళ్లు మోశాడు. రిపోర్టులో మాత్రం ఈ మూడింటికీ 'ఫాల్ట్' అనే రాశారు. పై ఆఫీసరు దాన్ని డ్రైవర్ ఫాల్ట్ అనుకుని మామకే మెమో ఇచ్చాడు!

బస్సు నామోషీ అయితే ఏరియన్-5 రాకెట్ సంగతి పెట్టు. 1996 జూన్ 4న ఎగిరిన సుమారు 40 సెకన్లకే పేలిపోయింది. ఏరియన్-4 కోసం రాసిన కోడ్‌నే మళ్లీ వాడారు. అడ్డం వేగానికి సంబంధించిన 64 బిట్ల సంఖ్యను 16 బిట్ల చోటులో ఇరికించబోతే పట్టలేదు. పాత రాకెట్ అడ్డంగా అంత వేగం అందుకోదు కాబట్టి ఆ లోపం అన్నాళ్లూ బయటపడలేదు.

నీతులు చెప్పకూడదనే కూర్చున్నాను. కానీ గైడ్‌తో పేచీ వస్తే నోరు విప్పాలి, గది తలుపేసుకుంటే ఎలా? మానేస్తే మానెయ్, ఆ మాట నీ నోటితో చెప్పు. పిన్ని నోటితో వినడం నాకు నచ్చలేదు.

తెల్లటి స్లైడ్ మీద పసుపు అక్షరాలు వెనక బెంచీలకు కనపడవు, మార్చు. పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, మెయిల్లో ఒకటి ఉంచుకో. ఖాళీ కడుపుతో మాత్రం వెళ్లకు. బుజ్జిగాడితో సున్నుండలు పంపుతున్నాను. అన్నీ రూమ్మేట్లకు పంచేసి నువ్వు మ్యాగీ తింటూ కూర్చోకు.

మీ నాన్న