సీరీస్ గుబ్బలకు ఏరువాక పేరు: విద్యాశాఖ మంత్రివర్యులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యాశాఖ మంత్రివర్యులకు,

విశాఖపట్నం నుంచి ఒక సైన్సు ఉపాధ్యాయుడు నమస్కారాలతో చేసుకుంటున్న మనవి.

కుజుడికీ గురుడికీ నడుమ, సూర్యుడికి సగటున 41 కోట్ల కిలోమీటర్ల దూరంలో తిరిగే సీరీస్ అనే మరుగుజ్జు గ్రహం మీద సుమారు 4 కిలోమీటర్ల ఎత్తున్న ఒంటరి కొండ ఒకటి ఉంది. దాని పేరు అహునా మాన్స్. అహునా అంటే నాగాలాండ్‌లోని సుమీ నాగా తెగవారు కోతలు ముగిశాక కృతజ్ఞతతో జరుపుకొనే పండుగ. ఆ గ్రహం మీద ఎత్తులో దానికి సాటి వచ్చే కొండ మరొకటి లేదు. ఏరువాక పున్నమికీ, మన్యం గిరిజనులు పంట కొత్తగా చేతికొచ్చినప్పుడు చేసే ‘కొత్త’ పండుగలకూ సీరీస్ పటంలో చోటు దక్కేలా మన విద్యార్థుల చేత పని చేయించమని కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను.

సీరీస్‌కూ సేద్యానికీ ఉన్న సంబంధాన్ని ముందుగా మనవి చేస్తాను. 1801 జనవరి 1న సిసిలీలోని పలెర్మోలో జుసెప్పే పియాజీ ఈ గోళాన్ని కనుగొని, రోమన్ల ధాన్యదేవత పేరు పెట్టాడు. 2006లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య దీన్ని మరుగుజ్జు గ్రహంగా వర్గీకరించింది. 2015 మార్చిలో నాసా వారి డాన్ వ్యోమనౌక అక్కడికి చేరి నేలను దగ్గరగా ఫొటోలు తీయడం మొదలుపెట్టాక, కనబడిన ప్రతి బిలానికీ (ఉల్కల దెబ్బకు పడిన గుంటకూ) గుట్టకూ పేరు అవసరమైంది. ధాన్యదేవత పేరున్న గోళం గనుక, బిలాలకు ప్రపంచ ప్రజల వ్యవసాయ దేవతల పేర్లనూ, కొండలు, గుబ్బలు, బిలాల వరుసల వంటి తక్కిన రూపాలకు వ్యవసాయ పండుగల పేర్లనూ పెట్టాలని సమాఖ్య నియమం చేసింది. 170 కిలోమీటర్ల వెడల్పున్న ఉర్వర బిలానికి పేరిచ్చిన పైరుపచ్చల దేవత భారత, ఇరాన్ సంప్రదాయాలకు చెందినదే. నేల దున్నడాన్నే పండుగ చేసుకొనే జాతికి ఇంతకన్నా అనువైన గ్రహం మరొకటి దొరకదని నా నమ్మకం.

అయితే ప్రభుత్వం తీర్మానం చేసి పంపినంత మాత్రాన పేరు రాదు. శాస్త్రీయంగా అవసరం ఏర్పడినప్పుడే, అంటే ఎవరైనా ఆ చోటును అధ్యయనం చేస్తూ దాన్ని పేరుతో ప్రస్తావించవలసి వచ్చినప్పుడే, సమాఖ్య ప్రతిపాదనను పరిశీలిస్తుంది. చంద్రయాన్-3 దిగిన చోటుకు 2023 ఆగస్టులో ప్రధానమంత్రి ప్రకటించిన శివశక్తి అనే పేరుకు 2024 మార్చిలో సమాఖ్య ఆమోదం లభించిందంటే, ముందు అక్కడ మనవాళ్లు సాధించిన పని ఉంది. ఈ నియమం న్యాయమైనదని నేను మనస్ఫూర్తిగా భావిస్తున్నాను. అందుకే నా మనవిలో మొదటి భాగం పేరు గురించి కాదు, చదువు గురించి.

అహునా ఫొటోను పెద్ద తెర మీద చూపితే తొమ్మిదో తరగతి పిల్లలు కూడా కొన్ని సంగతులు పట్టుకోగలరు. చుట్టూ నేలంతా బిలాలతో గుంటలు పడి ఉంటే, ఈ కొండ వాలులు మాత్రం నున్నగా ఉంటాయి; పైనుంచి కిందికి జారిన తెల్లని చారలు స్పష్టంగా కనిపిస్తాయి. ఉల్కల దెబ్బలు తక్కువగా ఉన్న నేల వయసులో చిన్నది కాబట్టి, ఒక ప్రాంతంలోని బిలాలను పరిమాణాల వారీగా లెక్కిస్తే దాని వయసును అంచనా కట్టవచ్చు. లోపలి నుంచి ఉప్పునీరు, బురద పైకి తన్నుకొచ్చి గడ్డకట్టడం వల్ల ఇది ఏర్పడిందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. నిప్పు లేని అగ్నిపర్వతమన్నమాట. ఇలాంటివి పూర్వం ఇంకా పుట్టి ఉంటాయనీ, వాటిలో మంచు పాలు ఎక్కువ కావడం వల్ల కోట్ల సంవత్సరాలలో తమ బరువుకు తామే నెమ్మదిగా కుంగి, ఇప్పుడు ఎత్తు తగ్గిన గుబ్బలుగా మిగిలాయనీ వారి అంచనా. మన విద్యార్థులు పట్టుకోవలసినవి ఆ గుబ్బలనే. వాటి ఎత్తు, వాలు, వయసు ఇంకా ఎంతో వివరంగా తేల్చవలసి ఉంది. పైగా పండుగల పేర్లు పెట్టే రూపాలలో అవీ ఉన్నాయి.

ఇందుకు కొత్త వ్యోమనౌకలు అక్కరలేదు. 2018లో ఇంధనం అయిపోయేవరకు డాన్ పంపిన చిత్రాలు ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. సుమారు 385 కిలోమీటర్ల ఎత్తు నుంచి తీసిన వాటిలో ఒక్కో పిక్సెల్ 35 మీటర్ల నేలను చూపుతుంది. పటాలు గీయడానికి క్యూజీఐఎస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. కావలసిందల్లా పనిచేసే కంప్యూటర్ ల్యాబు, నిలకడైన ఇంటర్నెట్, దారి చూపే గురువు. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భ, భూభౌతిక శాస్త్రాలు బోధించే ఆచార్యులు ఉన్నారు. విశాఖ చుట్టూ ఉన్న కొండల్లోని ఖొండలైట్ రాయికి తూర్పు కనుమల్లోని ఖోండులనే గిరిజనుల పేరు 1902లో పెట్టారు. ఆ పేరే ఈనాటికీ ప్రపంచమంతా భూగర్భశాస్త్ర గ్రంథాలలో ఉంది. ఆ రాతి మీద పాఠాలు నేర్చిన విద్యార్థులు సీరీస్ నేలను చదవలేరని నేను అనుకోను.

రెండో భాగం పండుగలను నమోదు చేయడం. సమాఖ్య పేర్ల పట్టికలో ప్రతి పేరు వెనుక దాని మూలం, అది దొరికిన ఆధారగ్రంథం చూపుతారు. జ్యేష్ఠ పున్నమినాడు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, నాగలికి పూజచేసి తొలిచాలు దున్నడం మనకు తెలుసు గాని, బయటివారు సరిచూసుకోవడానికి వీలైన ప్రామాణిక రచన ఇంగ్లీషులో సిద్ధంగా ఉండాలి. పాడేరు, అరకు ప్రాంతాల గిరిజనులు కొర్ర కొత్త, మామిడి కొత్త, కంది కొత్త అంటూ ఒక్కో పంటకు ఒక్కో పండుగ చేస్తారు. కొత్తగా చేతికొచ్చిన పంటను ముందు దేవతకు పెట్టాకే ఇంట్లో నోట పెట్టుకుంటారు. పంట మీద ఇంత మర్యాద చూపే ఆచారం సీరీస్ నియమానికి అక్షరాలా సరిపోతుంది. రాజకీయ, సైనిక, మతపరమైన ప్రాధాన్యం ఉన్న పేర్లను సమాఖ్య సాధారణంగా అంగీకరించదు కాబట్టి, నేటికీ కొలుపులు అందుకొనే అమ్మవార్ల జోలికి పోకుండా పండుగలకే పరిమితం కావడం మేలు. రోమన్ లిపిలో ఎలా రాయాలన్నది కూడా భాషాశాస్త్రజ్ఞులు ముందే నిర్ణయించాలి. ఏరువాకను ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాసి పంపితే ప్రతిపాదన బలహీనపడుతుంది.

కనుక మంత్రివర్యులు విశ్వవిద్యాలయ ఆచార్యులు, మన్యంలోని ఆశ్రమ పాఠశాలల ఉపాధ్యాయులు, గిరిజన సంక్షేమ శాఖ అధికారులతో ఒక చిన్న బృందాన్ని ఏర్పాటు చేయాలని ప్రార్థిస్తున్నాను. ఏ గుబ్బను అధ్యయనం చేయాలో ఆచార్యులు ఎంపిక చేయాలి. బిలాలు లెక్కించే పనిలో కళాశాల విద్యార్థులతో పాటు ఆశ్రమ పాఠశాలల పిల్లలకూ వాటా ఉండాలి. ఫలితాలు పరిశోధన పత్రంగా వెలువడిన తర్వాతే పేరు ప్రతిపాదించాలి. ‘కొత్త’ పండుగల విషయంలో మాత్రం ఒక్క షరతు తప్పనిసరి చేయమని వేడుకుంటున్నాను. అధికారులు కార్యాలయంలో కూర్చుని వివరాలు రాసుకోకుండా, పండుగ జరిగే రోజుల్లో గూడేలకు వెళ్లి, అక్కడి పెద్దలకు అహునా ఫొటో చూపించి, విషయమంతా వాళ్ల భాషలో వివరించి, వారు సరేనన్న పేరునే పంపాలి. వారు వద్దంటే ఆ పేరును విడిచిపెట్టాలి.

ఇట్లు,
భవదీయుడు,
ఒక సైన్సు ఉపాధ్యాయుడు,
విశాఖపట్నం