ఒకే డాక్టరు, రెండు పొట్టలు

బుజ్జీ,

అమ్మ రాసేది. మీ ఆఫీసులో ఇద్దరు ఒకే సర్జన్ దగ్గర లైపోసక్షన్, అదే గొట్టంతో కొవ్వు లాగేసే ఆపరేషన్, చేయించుకుంటే ఒకమ్మాయికి నడుం సన్నగా, నున్నగా వచ్చిందనీ, రెండో ఆవిడకి పొట్ట ఎగుడుదిగుడుగా మిగిలిందనీ చెప్పి, "మరి నాకెలా వస్తుందమ్మా?" అని అడిగావు. ఫోన్లో చెప్తే సగంలోనే అడ్డం వస్తావు. అందుకని కూర్చుని రాస్తున్నాను. ఆపరేషన్ థియేటర్లో సిస్టర్‌గా ఇన్నేళ్ళు చేసినదాన్ని, ఇలాంటి కేసులు చాలానే చూశాను. నిన్ను ఆపడానికి రాయడం లేదు. ఒళ్ళు నీది, జీతం నీది. కానీ ఆ అమ్మాయి ఫోటో చూసి నీ పొట్టకి లెక్క కట్టకు.

ముందు అసలు అక్కడేం జరుగుతుందో విను. చర్మం కింద కొవ్వులోకి సెలైన్ నీళ్ళు ఎక్కిస్తారు. అందులో తిమ్మిరెక్కించే లిగ్నోకైన్, రక్తనాళాల్ని బిగించే అడ్రినలిన్ కలిపి ఉంటాయి. కాలిఫోర్నియాలో క్లైన్ అనే స్కిన్ డాక్టర్ 1987లో ఈ పద్ధతి గురించి రాశాక రక్తం పోవడం బాగా తగ్గింది. తర్వాత మూడు నాలుగు మిల్లీమీటర్ల గాటులోంచి మొనలేని గొట్టం దూర్చి, విసనకర్ర ఆకారంలో ముందుకీ వెనక్కీ ఆడిస్తారు. కొవ్వు గొట్టంలోకి వస్తుంది. పక్కనున్న జార్ నిండుతుంటే పైన పసుపు కొవ్వు తేలుతుంది, కింద ఎర్రటి నీళ్ళు దిగుతాయి. "నాకు మూడు లీటర్లు తీశారు" అని ఎవరైనా గొప్పగా చెప్తే, అందులో ఎక్కించిన నీళ్ళు కూడా ఉన్నాయని గుర్తుపెట్టుకో.

ఇక్కడ ఒక సంగతి ఉంది. చర్మాన్ని కోసి తీసెయ్యరు. లోపలి కొవ్వు తగ్గాక పైనున్న చర్మం తనంతట తానే ముడుచుకోవాలి. దిండులో సగం దూది తీసేస్తే గలీబు వదులైపోతుంది కదా, అలాగే ఇదీ. కాకపోతే చర్మానికి కాస్త సాగే గుణం ఉంది కాబట్టి కొంతవరకు బిగుసుకుంటుంది. ఎంతవరకు అనేది మనిషిని బట్టి. వయసు, ఎండ, సిగరెట్, బరువు పెరిగి తగ్గి మళ్ళీ పెరగడం, కాన్పులు, ఇవన్నీ ఆ గుణాన్ని తగ్గిస్తాయి. కాన్పు చారలు కనిపించే చోట చర్మం లోపలి పొర అప్పటికే చిరిగి ఉంటుంది. అక్కడ ముడుచుకునే బలం తక్కువ. మీ ఆఫీసు అమ్మాయికి పాతికేళ్ళు, ఇంకా పెళ్ళి కాలేదన్నావు. రెండో ఆవిడకి ఇద్దరు పిల్లలు. సర్జన్ చెయ్యి ఒకటే అయినా, ఆ చేతికింద ఉన్న చర్మం ఒకటి కాదు. సర్జన్‌ని బట్టి తేడా రాదని అనడం లేదు. గొట్టాన్ని చర్మానికి మరీ దగ్గరగా ఆడించినా, ఒకే చోట ఎక్కువ లాగినా గుంటలు పడతాయి. ఆవిడకి ఏది జరిగిందో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను.

ఇక నీ సంగతి. అద్దం ముందు నిలబడి, పొట్ట బిగబట్టి, బొడ్డు పక్కన రెండు వేళ్ళతో గిల్లిపట్టు. వేళ్ళ మధ్యకి వచ్చిందే గొట్టానికి అందే కొవ్వు. వేళ్ళకి అందకుండా ముందుకి ఉబ్బి ఉన్నదంతా కండరాల వెనక, పేగుల చుట్టూ ఉన్నది. దాన్ని ఏ సర్జనూ గొట్టంతో తియ్యడు. మీ నాన్న పొట్ట చూడు, తబలాలా గట్టిగా ఉంటుంది, గిల్లితే చేతికేమీ రాదు. అలాంటి వాళ్ళకి లైపో చేస్తే ఖర్చే తప్ప తేడా ఏముంటుంది?

మనవాళ్ళలో ఈ రకం మరీ ఎక్కువ. పుణెలో యాజ్ఞిక్ అనే డాక్టర్, లండన్‌లోని ఆయన స్నేహితుడు యూడ్కిన్, 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తమ ఇద్దరి ఫోటో పక్కపక్కన వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు లెక్క, ఒకటే, 22.3. కానీ ఒంట్లో కొవ్వు ఆ తెల్లాయనకి 9.1 శాతం, మన యాజ్ఞిక్‌గారికి 21.2 శాతం! చూడటానికి సన్నంగా ఉండి లోపల కొవ్వు పెట్టుకోవడం మనకి కొత్త కాదు. అందుకే మన దేశంలో బీఎంఐ 23 దాటితే చాలు, అధిక బరువు కింద లెక్కేస్తారు. ఆ లోపలి కొవ్వే షుగర్ తెచ్చిపెట్టేది. లైపోతో షుగర్ కూడా తగ్గుతుందని మీ ఫ్రెండ్ ఎవరో అందట కదా, నమ్మకు. అమెరికాలో 15 మంది లావుపాటి ఆడవాళ్ళకి తలా దాదాపు పది కిలోల కొవ్వు తీసి చూశారు. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ దేంట్లోనూ మెరుగు కనిపించలేదు. అది కూడా 2004లోనే అచ్చయింది.

నీకింకో మెలిక ఉంది, సిజేరియన్. వెల్లకిలా పడుకుని తల కొంచెం ఎత్తి, బొడ్డుకి పైనా కిందా వేళ్ళతో నొక్కు. మధ్యలో గాడిలా తగిలి రెండు వేళ్ళకి మించి దిగిపోతే, కాన్పప్పుడు పొట్ట కండరాలు విడిపోయి మళ్ళీ దగ్గరకి రాలేదని అర్థం. అలా అయితే పైన కొవ్వంతా తీసినా పొట్ట ముందుకే ఉంటుంది. దానికి వేరే ఆపరేషన్, కండరాలు కుట్టి మిగులు చర్మం తీసెయ్యాలి. టమ్మీ టక్ అంటారే, అది. కొంతమందికి వ్యాయామంతోనే కొంత సర్దుకుంటుంది. ఇంకోటి, కుట్టు దగ్గర చర్మం లోపలికి అతుక్కుని, పైన మడతలా వాలి ఉంటుంది. అక్కడ కొవ్వు తీసినంత మాత్రాన మడత పోతుందన్న భరోసా లేదు.

అన్ని చోట్లా కొవ్వు ఒకే తీరుగానూ ఉండదు. తొడ లోపల మెత్తగా ఉంటుంది, గొట్టం తేలిగ్గా వెళ్ళిపోతుంది. వీపు మీద నారనారగా ఉంటుంది, మగవాళ్ళ రొమ్ముల్లోనూ అంతే. అలాంటి కేసుల్లో ఏసీ గదిలో కూడా సర్జన్‌కి చెమటలు పట్టడం నేను పక్కన నిలబడి చూశాను. ఒకసారి లైపో అయిన చోట మచ్చకట్టి ఇంకా మొరాయిస్తుంది. అందుకే రెండోసారి సరిచేయించుకోవడం మొదటిదానికంటే కష్టం.

మానడం కూడా మనిషికో రకం. వాపు ఉంటుంది, తిమ్మిరి ఉంటుంది, ఒక్కొక్కరికి నీరు చేరుతుంది. ప్రెషర్ బెల్టు కొన్ని వారాలపాటు రోజంతా వేసుకోవాలి. ఉక్కగా ఉందని తీసి పక్కన పడేసేవాళ్ళే ఎక్కువ! అసలు రూపం తేలడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది, కాబట్టి మూడో వారంలో ఫోటో తీసుకుని ఏడవడం దండగ. అమ్మమ్మకి ముక్కు కుట్టిన చోట గడ్డలా పెరిగింది గుర్తుందా? అది కీలాయిడ్. ఇంట్లో అది ఉందని డాక్టర్‌కి తప్పక చెప్పు. మన రంగుకి గాటు పెట్టిన చోట నల్లమచ్చ కూడా పడొచ్చు.

తీసిన కొవ్వు కణాలు మళ్ళీ పుట్టవని ప్రకటనల్లో ఊదరగొడతారు. అది సగం మాటే. మిగిలిన కణాలు ఉబ్బడానికి అడ్డేముంది? కొలరాడో యూనివర్సిటీ వాళ్ళు 2011లో చెప్పిందేమిటంటే, లైపో చేయించుకున్న ఆడవాళ్ళకి ఏడాది తిరిగేసరికి ఒంట్లో కొవ్వు మొత్తం మీద పాత లెక్కకే వచ్చిందట. తొడలు తగ్గినవి తగ్గినట్టే ఉన్నా, పొట్టలో చేరిందట. పైగా నీకు రెండో బిడ్డ ఆలోచన ఉంది. ఇప్పుడు చేయించుకుని తర్వాత కడుపుతో ఉంటే ఆ చర్మం మళ్ళీ సాగుతుంది. ఆ ఆలోచన తేల్చుకునేదాకా ఆగడమే నయమని నా ఉద్దేశం.

ప్రాణం మాట కూడా ఒకటి చెప్పాలి. మన హీరోయిన్ ఆర్తీ అగర్వాల్ 2015లో న్యూజెర్సీలో పోయింది. అంతకు కొన్ని వారాల ముందే హ్యూస్టన్‌లో లైపో చేయించుకుందని పేపర్లలో వచ్చింది. దానివల్లే అని నేననడం లేదు, అప్పటికే ఆమెకి ఊపిరి ఇబ్బంది ఉందని కూడా రాశారు. కానీ చిన్న ఆపరేషన్ అనే మాట ఎవరన్నా నాకు ఒళ్ళు మండుతుంది. రక్తం గడ్డకట్టడం, ఊపిరితిత్తుల్లోకి కొవ్వు చేరడం అరుదే, కానీ ఉన్నవే. ఐదు లీటర్లు దాటి తీస్తే రాత్రంతా ఆసుపత్రిలో కనిపెట్టి చూడాలి.

డాక్టర్ దగ్గరికి వెళ్తే ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్. డిగ్రీ ఉందో లేదో చూడు. మత్తు డాక్టర్ ఎవరు, ఐసీయూ ఆ భవనంలోనే ఉందా అని అడుగు. నీలాగే సిజేరియన్ అయిన, నీ వయసు వాళ్ళ ఫోటోలు, అవి కూడా ఏడాది తర్వాతవి చూపించమను. నిన్ను నిలబెట్టీ పడుకోబెట్టీ గిల్లి చూడకుండా ప్యాకేజీ రేటు చెప్పే చోటి నుంచి లేచి వచ్చెయ్.

వాడే మందుల చీటీ ఫోటో తీసి నాకు పంపు, ఆ అశ్వగంధ బిళ్ళలతో సహా. అపాయింట్‌మెంట్ శనివారం పెట్టుకుంటే శుక్రవారం రాత్రి బండికి నేనూ వస్తాను. అల్లుడుగారికి వేరే చెప్పక్కర్లేదు, ఇదే చదవమను. చంటివాడి కోసం సున్నుండలు నాన్న చేత పంపిస్తున్నాను, నువ్వు కూడా తిను.

అమ్మ