మా చిన్నోని టాటా

ఒరేయ్ సీనూ,

జవాబు లేటయిందని తిట్టుకుంటాంటావు, తిట్టుకో పో, నీ తిట్లు నాకేమన్నా కొత్తా. ఇంట్లో అందరూ బాగుండారు, నాయన షుగరు కంట్రోల్లో ఉంది, చెనిక్కాయ పంట సంగతి మాత్రం అడగద్దు.

అసలు సంగతి మా అక్క కొడుకుది. వానికి ఆటిజం అని నీకు తెలుసు కదా. మొన్న అనంతపురం బస్టాండులో బావ బెంగళూరు బస్సెక్కి కిటికీలోంచి టాటా అంటే, వీడు అరచెయ్యి తన మొగం తట్టే పెట్టుకుని ఊపుతాండాడు. జేజి "చెయ్యి తిప్పురా" అని అరుస్తాంది, పక్కోళ్ళు నవ్వుతాండారు, అక్క మొగం చూడాల్సింది నువ్వు... సరే, అది వద్దులే.

థెరపీ మేడమ్ ఏమనిందో తెలుసా? వాడు తప్పేం చెయ్యలేదంట! ఎదుటోడు టాటా చెప్తే వానికి కనపడేది అరచెయ్యే కదా, తన చేతిని కూడా తనకి అట్లనే కనపడేట్టు పెట్టుకున్నాడు, అంతే. ఆటిజం పిల్లల్లో ఇది 1987లోనే ఒక జపాన్ డాక్టరు రాసినాడు రా, నాకు తల తిరిగిపోయింది.

ఆ రాత్రంతా చదువుతానే ఉండా. 1990ల మొదట్లో ఇటలీలో పార్మా కాడ కోతుల మెదడులో, తాను పని చేసినా, వేరేవాళ్ళు చేస్తాంటే చూసినా పలికే కణాలు దొరికినాయి, మిర్రర్ న్యూరాన్లు, అంటే అద్దం కణాలు. ఆటిజంలో ఆ అద్దమే పగిలిందని 2006లో మెదడు మీద పరిశోధన చేసే మన రామచంద్రన్ సారు వాళ్ళు రాసినారు. వినేదానికి భలే ఉంటాది, కానీ తర్వాత పరీక్షల్లో గట్టిగా నిలబడలేదు. ఎదుటోడు ఏం చేస్తాండాడో ఆటిజం ఉన్నోళ్ళు చాలామంది బాగానే పట్టుకుంటారు. ఎదుటి ఒంటిని తన ఒంటి లెక్కలోకి మార్చుకునే కాడే చిక్కేమో అని నాకనిపిస్తాంది. 2009లో పిల్లలకి రోబో చేతి హ్యాండిల్ పట్టించి కదలిక నేర్పిస్తే, ఆటిజం పిల్లలు కంటికన్నా కండరాలు, కీళ్ళు చెప్పేదాన్నే ఎక్కువ నమ్మినారంట. మేడమ్ కూడా ఎదురుగా నిలబడి చూపించద్దు, వెనకనుంచి చెయ్యి పట్టి ఊపించమనింది.

ఇంకోటి విను. గ్లోవ్సులో దూది కుక్కి కండ్ల ముందర పెట్టి, అసలు చేతిని అట్ట వెనక దాచి, రెండిటినీ ఒకేసారి బ్రష్షుతో నిమిరితే కాసేపటికి ఆ బొమ్మ చెయ్యే మనదనిపిస్తాది, 1998 నాటి ప్రయోగం. బావ మీద చేసినా. గ్లోవ్సు మీదికి సుత్తి ఎత్తేసరికి ఎగిరి దూకినాడు రా! ఫిజిక్స్ సారు కుర్చీ యాదికొచ్చిందా, అచ్చం అదే ఎగురు. చిన్నోడు మాత్రం అట్ట పక్కకి నూకి, తన చెయ్యి చూసుకుని, నా తట్టు పిచ్చోన్ని చూసినట్టు చూసినాడు. ఆటిజం పిల్లలు ఈ మాయలో లేటుగా పడతారని పరిశోధనల్లో కూడా ఉంది, మరి ఒంటి మీద ఎరుక ఎవరికి తక్కువైనట్టో...

జేజి దానికేమనిందో చెప్పాల ఇంకా, అక్క పిలుస్తాంది, ఆటో వచ్చేసింది. ఫోన్ చెయ్యి రా.