ప్రకాశం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ: ఒక్క బోర్డు పెట్టించండి

అయ్యా, నమస్కారం.

దర్శి వైపు ఒక పల్లె నుంచి రాస్తున్నాను. నిన్న మా వీధి పిల్లవాణ్ణి ఫొటో తీయబోతే అరచేయి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. పళ్లమీద సుద్ద గీతలు, మధ్యలో తుప్పు రంగు. తొమ్మిదేళ్లకే నవ్వు దాచుకోవడం నేర్చుకున్నాడు!

ఇది ఫ్లోరోసిస్, తాగే నీళ్లలో ఫ్లోరైడ్ అనే లవణం ఎక్కువై పళ్లనూ ఎముకలనూ పాడుచేసే జబ్బు. మన దేశంలో దీని గురించి వైద్యులు మొదట రాసింది 1937లో, ఈ ప్రాంతాన్ని చూసే. అప్పటికి మనది నెల్లూరు జిల్లా. వాళ్లకంటే ముందే రైతులు పసిగట్టారు: కాడి ఎద్దులు కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోయాయి. అంటే ఎద్దు కుంటితే నీళ్లను అనుమానించాలి. విజ్ఞానం మొదలయ్యేది అలాంటి ఊహతోనే అనుకుంటాను.

ఫ్లోరైడ్‌కు రంగూ రుచీ లేవు. కాచితే పోదు సరికదా, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఈ సంగతి తెలియక మా అమ్మ ఏళ్ల తరబడి కాచి, వడకట్టి మాకు పోసింది. ఆమెది తప్పనను. తెలిసినవాళ్లు చెప్పకపోవడమే తప్పు.

తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. పరీక్ష చేసినవారి దస్త్రంలో అది ఒక అంకె. ఆ అంకె వెనక మోకాలు కనబడాలంటే చదువొక్కటే చాలదు.

నేను అడిగేది పెద్ద పథకం కాదు. ప్రతి బడి కుళాయి దగ్గరా, ప్రతి నీళ్ల ప్లాంటు గోడమీదా చివరి పరీక్ష తేదీ, ఫ్లోరైడ్ ఎంతో తెలుగులో రాయించండి. పిల్లలకు అందే ఎత్తులో.